కోడిపుంజు తోక రంగు

ఆగస్టు 4

తోక: నీలం.

ఇది రాయనవసరం లేదనే అనుకున్నాను. పొద్దున రెండుసార్లు పెన్ను తీసి, రెండుసార్లూ మూత పెట్టేశాను. డైరీలు రాసేది పాదిరీలు, ఓడ కెప్టెన్లు, మాట్లాడుకోవడానికి మనిషి దొరకనివాళ్లు. ఈ మూడింటిలో నేను ఏదీ కాను. నా పెళ్లాం ఇదలీనా ఊళ్లో లేదు, అంతే. దాని చెల్లెలు ఎర్మీనియా మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుందని ఇల్యవు వెళ్లింది. వారంలో వస్తానంది. వారం ఎంతలో గడుస్తుంది! పెళ్లికి ముందు నేనెంత కాలం ఒక్కణ్ణే బతికాను. అప్పుడు అమ్మ ఉండేది, అది వేరే సంగతి.

వెళ్తూ వెళ్తూ మూడు మాటలు చెప్పింది. సూపు అడుగంటనివ్వొద్దంది. కిటికీలో పుంజు మీద దుమ్ము పట్టనివ్వొద్దంది. మూడోది రోజూ చెప్పేదే, రాయక్కర్లేదు.

రాయడం మొదలుపెట్టాను గనక ఒక్క సంగతి రాసి పెడతాను. ఉప్పుటేరు ఈ గట్టున ఉప్పు మడులు ఉన్నవాళ్లెవరూ వాన సంగతి రేడియోలో వినరు. మా ఇంటి వైపు చూస్తారు. మట్టి కోడిపుంజు తోక నీలంగా ఉన్నంతకాలం ఎవరి పని వాళ్లది. గులాబీకి తిరిగిందా, మా మేడ మీది కర్రకి ఇదలీనా ఎర్ర ఉన్ని లంగా కడతాను. అది ఎగరడం చూసి ఉన్న పని ఉన్నట్టు వదిలేసి అందరూ ఉప్పు లాగుతారు, జమ్ము కప్పుతారు. తర్వాత వాన వస్తుంది. రేడియోవాడు లిస్బన్‌లో కూర్చుని దేశం మొత్తానికి ఒకే వాన చెప్తాడు. నా పుంజు మా గట్టు మీద పడే వాన చెప్తుంది.

ఆగస్టు 7

తోక: నీలం. మడిలో ఉప్పు మీగడలా కడుతోంది.

చొక్కా ఉతుక్కున్నాను. ఇంట్లోకి మంచినీళ్లు మోయడం ఎందుకని, ఉప్పు తీశాక మిగిలిన చేదు నీళ్లు వదిలే కాలువ ఉంది కదా, అందులోనే జాడించాను. రెండు రోజుల నుంచి తీగ మీదే ఉంది, ఆరదు. మెడ దగ్గర పట్టుకుంటే జిడ్డు. ఇదలీనా ఉతికితే ఒక్క పూటలో ఆరుతుంది. ఈ మధ్య సబ్బులు బాగా రావడం లేదు.

పుంజు దుమ్ము తుడిచాను. తుడిచే గుడ్డ ఎక్కడ పెట్టిందో కనపడలేదు. చేత్తోనే నిమిరాను. మడి నుంచి రాగానే అదే నా మొదటి పని. దానికీ బాగున్నట్టుంది.

ఆగస్టు 8

నీలం. సూపు అడుగంటింది.

ఆగస్టు 11

తోక పొద్దున ఊదా. భోజనాల వేళకి గులాబీ.

లంగా కట్టాను. పక్క మడి అల్బానో గట్టు మీద నిలబడి అరిచాడు.

"సెఫెరీనో మావా! ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. లంగా ఎగరేశావేంటి?"

"అద్దం వెనకాల ఏముందో పుంజుకి తెలుసురా. నువ్వు ఉప్పు లాగే చెక్క పట్టు."

పట్టాడు. అందరూ పట్టారు. ఉప్పు ఇంకా గుడ్డు పెంకు మందమే ఉంది. అంత పల్చటి ఉప్పును లాగితే అడుగు బురద కూడా కలిసొస్తుంది. వచ్చింది. బూడిద రంగు కుప్పలు పోసి, జమ్ము కప్పి, ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాం.

ఆగస్టు 12

గులాబీ. వాన లేదు.

పుంజు వాన వస్తుందని చెప్పింది గానీ ఎక్కడ వస్తుందో చెప్పలేదు. ఇల్యవులో పడి ఉంటుంది.

ఆగస్టు 15

గులాబీ. ఎండ.

మరియమ్మ పండగ. ఊరంతా కవళ్ల చేపలు కాల్చిన వాసన. నేనూ నాలుగు కాల్చుకుని మొక్కజొన్న రొట్టెతో తిన్నాను. ఒక్కడికి ఆ మాత్రం చాలు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంటే దాని మీద టోపీ పెట్టాను.

ఊసుపోక పుంజు సంగతే రాస్తాను. ఈ రంగు దేవుడి మహిమ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు. దాని పేరు కోబాల్ట్ క్లోరైడ్. నేను బడికి వెళ్లింది రెండు చలికాలాలే. ఇదంతా మందుల కొట్టు తవారెస్ గారి పాత రసాయనశాస్త్రం పుస్తకంలో చదివాను. అట్టలు లేని పుస్తకం, మొదటి పాఠమూ లేదు. అందుకే నాకు రసాయనశాస్త్రం రెండో పాఠం నుంచే వచ్చు. కోబాల్ట్ అనే లోహానికీ క్లోరిన్‌కీ పుట్టిన ఉప్పు అది. అవును, ఉప్పే. మా మడిలో పండేదానికి దూరపు చుట్టం. ఒంట్లో నీళ్లు లేనప్పుడు నీలంగా ఉంటుంది, మరియమ్మ పైబట్టంత నీలం. గాలిలో చెమ్మ పెరిగితే నీళ్లను పిలిచి తన చుట్టూ కూర్చోబెట్టుకుంటుంది. అప్పుడు గులాబీ. వేడి తగిలితే నీళ్లు లేచి వెళ్లిపోతాయి, మళ్లీ నీలం. ఎన్నిసార్లైనా సరే, విసుగు లేదు. నాలుక మీద మాత్రం పెట్టుకోవద్దని తవారెస్ గారు గట్టిగా చెప్పారు, అది విషం. ఈ గట్టు మీద ఇంత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

దీన్ని నేను మొదట వాడింది వాన కోసం కాదు. మా వైపు ఆడపిల్ల మనసిస్తే రుమాలు కుట్టి ఇస్తుంది. గువ్వలు, గుండెకాయలు, తప్పుల తడకగా నాలుగు పాదాల పాట. ఇదలీనా నాకు ఇచ్చింది. నేను తిరిగి ఏమిచ్చానంటే తెల్ల రుమాలు. ఖాళీది. ఒక్క కుట్టు లేదు. అది వాళ్ల గుమ్మంలో నిలబడి, "ముక్కు తుడుచుకోవడానికా?" అని నా మొహాన పడేసినంత పని చేసింది. "ఇస్త్రీ చెయ్యి" అని మాత్రం చెప్పి వచ్చేశాను. మూడు రోజులు ఇస్త్రీ చెయ్యలేదట, పంతానికి. నాలుగో రోజు వాళ్ల నాన్న చొక్కాలతో పాటు దాని మీదా పెట్టె పెట్టింది. తెల్ల గుడ్డ మీద నీలం అక్షరాలు లేచాయి. ఈ మందును నీళ్లలో పల్చగా కలిపి రాస్తే ఆరాక కంటికి ఆనదు, వేడి తగిలితేనే లేస్తుంది. వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చేలోపు ఉప్పుటేటి గాలి ఆ అక్షరాలను తినేసింది. ఏం రాశానో ఇక్కడ రాయను.

ఆగస్టు 22

గులాబీ.

ఆదివారం పూజ అయ్యాక ఒలింపియా కాఫీ కొట్టుకి ఇదలీనా ఫోన్ చేసింది. ఆ కొట్టులో ఫోన్ గోడకి ఉంటుంది. దాని గొంతు ఇల్యవు నుంచి ఫోన్ లేకపోయినా వినపడుతుంది. కొట్టంతా కప్పులు కిందపెట్టి వింటోంది.

"తింటున్నావా?"

"తింటున్నాను."

"పుంజును తుడుస్తున్నావా?"

"రోజూ."

"చేతులు కడుక్కుంటున్నావా?"

కొట్టు గొల్లుమంది. అల్బానో బల్ల గుద్ది నవ్వాడు. "చెప్పు మావా, చెవుల వెనక కూడా కడుక్కుంటున్నావని చెప్పు!"

"ఎర్మీనియా మోకాలు ఎలా ఉంది?" అన్నాను నేను, పెద్దమనిషిలాగా.

"ఇంకో రెండు వారాలు పడుతుంది. నా మాటకి జవాబు చెప్పలేదు నువ్వు."

అటు వైపు నాణేలు అయిపోయి ఫోన్ దానంతటదే ఆగిపోయింది. మంచిదైంది.

ఆగస్టు 23

గులాబీ. ఎండ. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

ఆగస్టు 24

తోక దానిమ్మ గింజలా ఉంది. ఇంత ముదురు రంగు నేనెప్పుడూ చూడలేదు. లంగా కట్టక ఏం చెయ్యను?

మళ్లీ లాగారు. ఈసారి కొందరే. మళ్లీ వాన రాలేదు.

సాయంత్రం కొట్టులోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. అల్బానో మంచివాడే, కానీ రెండు పంటలు పల్చగా పోయిన మనిషి. నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మావా, నీ మీద కోపం లేదు. మా నాన్న నీ లంగా చూసే బతికాడు, నేనూ అంతే. కానీ పెళ్లాం ఊళ్లో లేనప్పుడు లంగా ఎగరేసుకుంటూ కూర్చుంటే జనం ఏమనుకుంటారు?"

నవ్వు. నేనూ నవ్వి ఉండాల్సింది.

"నవ్వండి," అన్నాను. "నలభై ఏళ్లలో నా పుంజు మీ ఉప్పును ఎన్నిసార్లు కాపాడిందో ఒక్కడు చెప్పండి. ఒలింపియా, విను. మూడోసారి గనక తప్పితే ఆ కర్ర నేనే పీకి నీ పొయ్యిలో పెడతాను."

"ఎండుకట్టేనా?" అంది ఒలింపియా.

దానికీ నవ్వారు. ఇంటికొచ్చాక పుంజు ఎదురుగా కూర్చున్నాను. ఆ కర్రకి లంగా లేచిందంటే పడవల మీద వాళ్లు కూడా టోపీలు సర్దుకుని ఒడ్డుకి తిప్పేవాళ్లు. నా పేరు తెలియనివాళ్లకి కూడా ఆ కర్ర తెలుసు. అది పోతే ఇక్కడ నేనొక ముసలాణ్ణి, అంతే. ఇంకో ముసలాడు.

వీపు నిమిరి పడుకోబెట్టాను. పుంజును.

ఆగస్టు 27

గులాబీ. ఎండ.

ఆగస్టు 28

గులాబీ. ఎండ.

ఆగస్టు 30

చూడలేదు.

సెప్టెంబరు 2

ఇదలీనా మధ్యాహ్నం బస్సుకి దిగింది. నేను ఎదురెళ్లలేదు. అటు పని ఉండి వెళ్లాను, అప్పుడే బస్సు వచ్చింది.

ఇంట్లోకి వస్తూనే పెట్టె చేతిలో ఉండగానే కిటికీ దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, బయట ఎండ పెళపెళలాడుతుంటే ఇదేంటి ఇలా ఉంది?"

"దాన్నే అడుగు."

తోక పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు రాసుకుని చూసింది. వెళ్లి తలుపు గొళ్లెం పట్టుకుని చూసింది. తీగ మీద చొక్కా మెడ పట్టుకుని చూసింది. తిరిగొచ్చింది.

"అన్నీ ఒకటే జిడ్డు. మడి నుంచి వచ్చి చేతులు కడగకుండా దీన్ని ముట్టుకున్నావు."

"దుమ్ము తుడవమన్నావు."

"గుడ్డతో!"

"గుడ్డ ఎక్కడుంది మరి?"

"దాని కాళ్ల కింద. నెల రోజుల నుంచి అది నిలబడ్డదే ఆ గుడ్డ మీద."

ఎత్తి చూశాను. ఉంది.

చేదు నీళ్లు ఒకసారి పట్టిన వస్తువు ఆరదు. గాలిలో చెమ్మ ఏ కాస్త ఉన్నా లాగి తన దగ్గర ఉంచుకుంటుంది. మడి గట్టున పుట్టిన ఎవరికైనా ఇది తెలుసు. నాకూ తెలుసు. ఈ సంగతి పుంజుకే తెలియలేదు. నా చెయ్యి పడిన చోటల్లా దానికి వానలాగే కనిపించింది. దాని లెక్కన అది ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

నేను ఇలా ఆలోచిస్తున్నంతలో ఇదలీనా బేసిన్‌లో మంచినీళ్లు పోసి పుంజును ముంచేసింది.

"వద్దు!" అన్నాను. అప్పటికే నీళ్లు గులాబీ. ఆ మందు నీళ్లు తాగేదే కాదు, నీళ్లలో కరిగిపోయేది కూడా. రుద్దిన కొద్దీ బేసిన్‌కి రంగు వచ్చింది, తోకకి పోయింది. మందు పట్టించి తోక మీద నేను అతికించిన పాత గుడ్డ కూడా ఊడి నీళ్లలో తేలింది. పుంజు వెనక వైపు ఉత్త మట్టి.

ఇదలీనా ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది.

"ఎప్పుడూ నీళ్లు తగలనివ్వొద్దని నాకు చెప్పావా?"

"నువ్వెప్పుడూ పొడిగుడ్డతో తుడిచేదానివి. చెప్పే అవసరం రాలేదు."

సూపు మళ్లీ అడుగంటింది. ఈసారి అది చేసిన సూపు.

సెప్టెంబరు 3

తవారెస్ గారి సీసా అటక మీద వెనకాల దొరికింది. అడుగున ఒక చెంచాడు ఉంది. గులాబీ రంగు గడ్డ, చెమ్మకి రాయిలా బిగిసింది. ఎప్పటి మందు! ఆయన పోయి, కొట్టు పోయి, ఆ చోట ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు.

వంటకి వాడని పాత చెంచాలో ఒక పలుకు వేసి పొయ్యి మీద పట్టాను. కాసేపు ఏమీ లేదు. అంచున ఊదా వచ్చింది. తర్వాత మొత్తం నీలం.

"ఇదలీనా! చూడు, చూడు! చెక్కు చెదరలేదు!"

"చెంచా కిందకి దించు, పొగ పీలుస్తావు," అంది. కానీ చూసింది. చూసి, "ఇంత మొండి వస్తువు నీకే దొరకాలి," అంది. పొగడ్త కిందే రాసుకున్నాను.

తోకకి గుడ్డ కావాలి. పల్చటి నూలుది, మందు పీల్చేది. ఇదలీనా లోపలికెళ్లి తన పెట్టెలోంచి తెల్ల రుమాలు తెచ్చింది. ఆ రుమాలే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఉతకలేదట. కత్తెర తీసి ఒక మూల నుంచి వంకరగా కత్తిరించింది.

"రాసిన వైపు కోస్తున్నావేమో," అన్నాను.

"రాసింది ఇటు వైపు," అంది తల ఎత్తకుండా.

చూస్తే రెండు వైపులూ తెలుపే. ఏ వైపు రాశానో రాసిన నాకే గుర్తు లేదు.

చేతులు కడుక్కుని మందు కలిపాను. రెండుసార్లు కడుక్కున్నాను, అది పక్కనే నిలబడింది గనక.

సెప్టెంబరు 4

నీలం!

సెప్టెంబరు 7

నీలం. ఎండ. చొక్కా ఒక్క పూటలో ఆరింది.

సెప్టెంబరు 9

నీలం. అల్బానో గట్టు మీద నుంచి, "మావా, పుంజుకి కొత్త తోక మొలిచిందట!" అన్నాడు. "నీకూ మొలిపించమంటావా?" అన్నాను. ఒంట్లో బాగుంది.

సెప్టెంబరు 11, శనివారం

రేపు పడవల పండగ. మరియమ్మ విగ్రహం ఉప్పుటేటి మీద ఊరేగుతుంది. ఆడవాళ్లు మిఠాయిల్లో, మగవాళ్లు పడవలకి రంగు వెయ్యడంలో ఉన్నారు. మడుల్లో ఉప్పు వేలి కణుపంత మందం కట్టింది. ఈ ఏడాదికి ఇదే ఆఖరి పంట, ఇదే మంచి పంట. ముందు రెండూ నా మూలంగా బురద పాలయ్యాయి, కాబట్టి నిజానికి ఇదొక్కటే పంట. సోమవారం లాగుదామని అందరూ అనుకున్నారు. ఒలింపియా కొట్టులో టీవీ వాడు వారమంతా ఎండ అన్నాడు.

పొద్దున తోక ఊదా.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. ఊదానే. చేతులు చూసుకున్నాను. శుభ్రంగా ఉన్నాయి. పొయ్యి మీద కుండ ఏదైనా ఆవిరి కక్కుతోందా అని చూశాను. లేదు. మేడెక్కి చూస్తే ఆకాశంలో గోరంత మబ్బు లేదు. గాలి మాత్రం ఆగిపోయింది. రోజూ వీచే ఉత్తరపు గాలి లేదు.

భోజనాల వేళకి గులాబీ.

ఇదలీనాకి చెప్పలేదు. కిటికీ తెర కొంచెం జరిపాను. అది వచ్చి తెర మళ్లీ పక్కకి లాగింది.

"కడతావా, లేదా?"

"ఇది మూడోసారి."

"తెలుసు. ఒలింపియా బస్టాండులోనే చెప్పింది."

"ఈ తోక కొత్తది. ఇంకా ఒక్క వాన చూడలేదు. తప్పితే కర్ర పోతుంది."

"తప్పకపోయి, నువ్వు కట్టకపోతే?"

పుంజు వైపు చూశాను. అది ఎప్పట్లాగే గోడ వైపు చూస్తోంది.

"గుడ్డ పాతదేగా," అంది ఇదలీనా.

మేడ మెట్లు ఎక్కింది. నేను కింద నిలబడి మెట్ల చప్పుడు విన్నాను. ఎర్ర లంగా లేచింది.

గట్టు మీదకి ఒక్కడు కూడా రాలేదు. పడవల దగ్గర ఎవరో ఈల వేశారు. మేమిద్దరం చెక్కలు భుజాన వేసుకుని మా మడికి వెళ్లాం. ఇదలీనా మడిలో దిగి ఎన్నేళ్లయిందో. చెప్పులు విడిచి, చీలమండల దాకా నీళ్లలోకి దిగి, మళ్లీ బయటికి వచ్చింది. అల్బానో పడవకి నీలం రంగు వేసుకుంటున్న చోటికి గట్టెంట నడిచింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అల్బానో! ఆ లంగా ఎవరిది?"

"నీదే అత్తా."

"కట్టింది నా మొగుడు కాదు. నేను. ఇప్పుడు చెప్పు, వస్తావా, రావా?"

అల్బానో కుంచె డబ్బాలో పడేశాడు.

"నువ్వు కట్టావా? ముందే చెప్పొద్దూ!"

అతను లేచాక మిగతావాళ్లు లేచారు. ఆడవాళ్లు పిండి చేతులతో వచ్చారు. నా పక్క మడిలోకి దిగుతూ అల్బానో, "మావా, వాన రాకపోతే పుంజుతో పాటు నిన్నూ మలుగుచేపల కూరలో వేస్తాం," అన్నాడు.

"ఉప్పు వెయ్యాలంటే ముందు దాన్ని లాగు," అన్నాను.

లాగాం. ఈ ఏడాదిలో అలాంటి ఉప్పు చూడలేదు. చెక్క కింద కరకరలాడుతూ తెల్లగా, బరువుగా వచ్చింది. పొద్దు వాలేసరికి గట్టు పొడుగునా కుప్పలు లేచాయి, జమ్ము కప్పాం. నా నడుం విరిగింది. రాయడానికి వేళ్లు వంగడం లేదు. ఇంకా వాన లేదు.

సెప్టెంబరు 12

విగ్రహం పడవ ఎక్కింది. బ్యాండు రెండో పాట అందుకుంది. ముందు నైరుతి గాలి తోరణాలను ఒక్క ఊపు ఊపింది. తర్వాత చినుకులు. తర్వాత, తర్వాతేముంది, ఆకాశం మొత్తం మీదకి దిగింది. పాదిరీ గారు గొడుగు మరియమ్మకి పట్టి తను తడిశారు. మిఠాయిలు ముద్దయ్యాయి. అల్బానో పడవ మీది తడి రంగు ఏటిలోకి నీలంగా కారిపోయింది. అతను పడవలో నిలబడి నెత్తి మీద నీళ్లు కారుతుంటే మా మేడ వైపు చూసి టోపీ తీశాడు.

టోపీ తీసింది మేడకే, నాకు తెలుసు. అయినా నేనూ తీశాను. ఉప్పంతా జమ్ము కింద ఉంది. గట్టు మీద ఒక్క మడి ఉప్పు కూడా పోలేదు. ఒక్కటి కూడా. ఈ వాక్యం ఇంకోసారి రాస్తాను, నా డైరీ నా ఇష్టం: గట్టు మీద ఒక్క మడి ఉప్పు కూడా పోలేదు.

సాయంత్రం కొట్టులో ఒలింపియా నాకో గ్లాసు వైను పోసి, "కట్టెలు బయట కొనుక్కుంటాలే," అంది.

సెప్టెంబరు 13

గులాబీ. వాన.

ఇదలీనా కిటికీలో పుంజు పక్కన సబ్బు ముక్క పెట్టింది.